సత్తుపల్లి ఇండ్లలో గ్యాస్ పొయ్యి: బిగించేటప్పుడు చూసుకోవాల్సినవి

ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చాక పల్లె ఇండ్లలోకీ గ్యాస్ చేరింది. సత్తుపల్లి వైపు ఇప్పటికీ కొన్ని ఇండ్లలో పక్కనే కట్టెల పొయ్యీ మండుతుంటుంది. అసలు ప్రమాదం అక్కడే. ఎల్పీజీ గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేల వెంట పాకి నిప్పును అందుకుంటుంది. రెండూ ఒకే గదిలో వద్దు.

సిలిండర్ నిలబెట్టే ఉంచాలి, పొయ్యి దానికంటే ఎత్తున గట్టు మీద ఉండాలి. నారింజ రంగు సురక్షా పైపు ఒకటిన్నర మీటరు మించొద్దు, 5 ఏళ్లకు మార్చాలి. సిలిండర్‌పై ‘ఎ-27’ అని ఉంటే పరీక్ష గడువు 2027 మార్చి వరకే. బిగించాక సబ్బు నురగ రాసి చూడాలి, బుడగలొస్తే లీకే. అగ్గిపుల్ల గీసి చూడటం పిచ్చిపని.

వాసనొస్తే లైటు స్విచ్ ముట్టుకోవద్దు. రెగ్యులేటర్ ఆపి, తలుపులు తీసి, బయటికెళ్లాకే 1906కి ఫోన్ చేయాలి.