చీకటిలో దీపం గీసిన గీతలు

దీపావళినాడు కాకరపువ్వొత్తిని గుండ్రంగా తిప్పితే పిల్లలకు నిప్పుచక్రం కనిపిస్తుంది. మన పూర్వులు దీనిని అలాతచక్రమన్నారు; అలాతమంటే కొరివి. గౌడపాదుల మాండూక్య కారికలలో నాల్గవ ప్రకరణానికి ‘అలాతశాంతి’ అనే పేరు ఈ కొరివినిబట్టి వచ్చినదే. నిజానికి చక్రం లేదు, కదిలే నిప్పు ఒక్కటే ఉన్నది. కంటిలో పడిన కాంతిముద్ర సెకండులో చిన్న భాగంపాటే నిలుస్తుంది కనుక చేయి నెమ్మదించగానే చక్రం విడిపోతుంది. కెమేరా సంగతి వేరు. షట్టరు తెరిచి ఉన్నంతసేపూ పడిన కాంతిని అది కూడబెట్టుకొంటూనే ఉంటుంది. చీకటిగదిలో ఒకరు టార్చిదీపంతో గాలిలో ‘అ’ అని రాస్తే చిత్రంలో అక్షరం నిలుస్తుంది. రాసిన మనిషి మాత్రం కనిపించడు.

ఈ మనిషి మాయం కావడమనే వింతయే ఛాయాగ్రహణ చరిత్రలో ముందుగా బయటపడినది. 1838లో డాగెర్ పారిస్ నగరంలోని ‘బులవార్డ్ దు టాంపుల్’ అనే వీధిని ఒక కిటికీనుంచి చిత్రించినాడు. అయొడిన్ ఆవిరి పట్టించిన వెండిరేకుమీద బొమ్మ పడడానికి కొన్ని నిమిషాలు పట్టేది. బండ్లతో, బాటసారులతో సందడిగా ఉండే ఆ వీధి బొమ్మలో నిర్మానుష్యంగా వచ్చినది. కదిలిపోయే బండి ఏ ఒక్క చోటనూ రేకుమీద గుర్తుపడేటంత సేపు ఆగలేదు. ఒక మూలన మాత్రం ఒక మనిషి కాలు ఎత్తిపెట్టి బూట్లు తుడిపించుకొంటూ నిలుచున్నాడు. అతడు మిగిలినాడు. ఛాయాచిత్రంలోకి ఎక్కిన తొలి మనుషులలో ఒకడుగా అతనిని లెక్కిస్తారు. పేరు ఎవరికీ తెలియదు.

కదిలేదానిని చెరిపివేసే ఈ గుణాన్ని కదలికను పట్టుకొనడానికే వాడుకొన్నవారు ఫ్రెంచి శరీరధర్మశాస్త్రజ్ఞుడు ఏతియెన్ జూల్ మారే, అతని సహాయకుడు జార్జ్ దెమెనీ. 1880లలో మారే మనిషికి నల్లని దుస్తులు తొడిగి, చేతుల పొడవునా కాళ్ల పొడవునా తెల్లని పట్టీలు అమర్చి, నల్లని తెరముందు నడిపించినాడు. నల్లబట్టల మనిషి చీకటిలో కలిసిపోయి, పలకమీద పట్టీల గీతలే వరుసగా పడినవి. 1889లో దెమెనీ మరొక అడుగు వేసినాడు. నడకలో లోపమున్న మనిషి కీళ్లకు చిన్న విద్యుద్దీపాలు కట్టి కెమేరాకు ఎదురుగా నడిపించినాడు. ఎడిసన్ దీపానికి అప్పటికి పదేండ్లే వయస్సు. చిత్రంలో మిగిలినవి వంకరలు తిరిగిన కొన్ని వెలుగుదారులు. కాని శరీరం ఎటు ఎంత ఒరుగుతున్నదో వైద్యుడు ఆ దారులలో కొలిచి చూడవచ్చును. దీపంతో గీసిన చిత్రాలలో మనకు తెలిసిన మొదటిది ఇదే. వినోదానికి తీసినది కాదు.

ఇదే ఉపాయం 1910 దశకంలో అమెరికా కర్మాగారాలలో ప్రవేశించినది. ఫ్రాంక్ గిల్‌బ్రెత్ ఇటుకలు పేర్చే తాపీపనితో జీవితం ప్రారంభించినవాడు. భార్య లిలియన్ మనస్తత్వశాస్త్రంలో దిట్ట. వీరు పనివాని వేలికి చిన్న బల్బు తగిలించి, దానికి వెళ్లే విద్యుత్తును సమాన వ్యవధులలో తెంచేటట్లు ఏర్పాటు చేసినారు. గీత కాస్తా చుక్కల వరుస అయినది. చుక్కలను లెక్కబెడితే పట్టిన కాలం తెలుస్తుంది. వాటి ఎడమును చూస్తే చేతి వేగం తెలుస్తుంది. దీపం చప్పున వెలిగి మెల్లగా ఆరేటట్లు అమర్చినందున ప్రతిచుక్కా ఒకవైపు మొనదేలి, చేయి ఎటు పోతున్నదో బాణంవలె చూపేది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి! ఆ దారులనే తీగెతో వంచి నమూనాలు కూడా చేసినారు.

పనివాని అలసట తగ్గించడం తమ ధ్యేయమని ఈ దంపతులు చెప్పుకొన్నారు. ఆ మాటను శంకించనక్కరలేదు. కాని 1911లోనే మసాచుసెట్స్ రాష్ట్రంలోని వాటర్‌టౌన్ ఆయుధాగారంలో, గడియారం పట్టుకొని తమ పనిని కొలవ వచ్చినప్పుడు పోతపనివారు సమ్మె కట్టినారు. అక్కడిది గిల్‌బ్రెత్‌ల దీపం కాదు, టేలర్ పద్ధతి. అయినా కొలత ఎవరి లాభానికన్న ప్రశ్న రెంటికీ వర్తిస్తుంది. దీపపుచిత్రంలో చేయి పోయిన దారి మిగులుతుంది, చేయిగల మనిషి మసకబారుతాడు. ఎందుకు మసకబారినాడో భౌతికశాస్త్రం చెప్పగలదు; అతడు ఎంత అలసినాడో ఆ తెల్లని గీతలో లేదు.

కళాకారులు ఈ దారిలోకి ఆలస్యంగా వచ్చినారు. 1935లో మాన్ రే కెమేరాముందు కూర్చుండి గాలిలో సుడులు గీసినాడు. వాటిలో అతని సంతకం దాగి ఉన్నదని 2009లో గాని తెలియలేదు. రాసేవాడు కెమేరాకు ఎదురుగా ఉంటాడు కదా, అందువల్ల రాత తిరగబడుతుంది. అద్దంలో చూస్తే చదవవచ్చును. విద్యుత్ ఇంజనీరింగు చదివిన గ్యోన్ మిలి 1949లో దక్షిణ ఫ్రాన్సులోని వాలోరిస్‌కు పోయి పికాసో చేతికి చిన్న దీపమిచ్చినాడు. పికాసో గాలిలో బొమ్మలు గీస్తుండగా ఒక ఫ్లాషు వెలిగించినందున గీతతోపాటు గీసినవాడు కూడా చిత్రంలో నిలిచినాడు.

ఇంట్లో ప్రయత్నించేవారు కెమేరాను స్టాండుమీదనో పుస్తకాల దొంతరమీదనో కదలకుండా నిలిపి, షట్టరును ‘బి’ స్థానంలో ఉంచాలి. ఈ ‘బి’ బల్బుకు గుర్తు. అయితే అది విద్యుద్దీపం కాదు, పూర్వం షట్టరు తెరవడానికి నొక్కే రబ్బరుబుడ్డి. ఐ.ఎస్.ఓ. 100, ఏపర్చరు ఎఫ్/8తో మొదలుపెట్టవచ్చును. ఫోనులోనైతే షట్టరు వ్యవధిని మనమే నిర్ణయించే అమరిక ఉండాలి. రాసేవారు ముదురురంగు బట్టలు కట్టుకొని, ఎక్కడా ఆగక కదలాలి. అక్షరం పలచగా వస్తే చాలామంది షట్టరును ఇంకా ఎక్కువసేపు తెరుస్తారు. దానివల్ల తెల్లబడేది గోడ, అక్షరం కాదు. గీతలోని ఒక్కొక్క బిందువుకు అందే కాంతి, దీపం ఆ చోట ఎంతసేపున్నదన్న దానినిబట్టి ఉంటుంది. చేతిని నెమ్మదిగా కదపడమే ఉపాయం.

తరగతిలో దీనిని లోలకంతో చూపవచ్చును. మీటరు పొడవు దారానికి చిన్న ఎల్.ఇ.డి. దీపాన్ని కెమేరావైపు తిప్పి కట్టి, వెలుగు మరీ తీక్షణంగా ఉంటే ఎర్రకాగితం చుట్టి, ఊపండి. ఒక ఊపు పోయి వచ్చేందుకు సుమారు 2 సెకండ్లు పడుతుంది. షట్టరును అంతసేపు తెరిస్తే వచ్చే చాపం రెండు చివరలా చిక్కగా, నడుమ పలచగా ఉంటుంది. చివరల దీపం క్షణం ఆగి తిరుగుతుంది, నడుమ అతివేగంగా దాటుతుంది. 30 సెకండ్లు తెరిస్తే గీతంతా చిక్కబడుతుంది. దీపం తేలికైనదైతే గాలి అడ్డగించడంవల్ల చివరలు ఊపు ఊపుకూ కొంచెం కొంచెం లోపలికి జరగడం కూడా చిత్రంలో కనిపిస్తుంది. ఆ జరుగుడును స్కేలుతో కొలిచి గ్రాఫుకాగితంమీద గుర్తించే పనిని విద్యార్థులకు అప్పగించవచ్చును.