‘కోర్’ కథ

లైనక్స్‌లో ప్రోగ్రామ్ ఉన్నట్టుండి కుప్పకూలితే తెర మీద ‘కోర్ డంప్‌డ్’ అని పడుతుంది. ఏ కోర్? ఎక్కడ కుమ్మరించినట్టు? డ్యుయల్ కోర్, క్వాడ్ కోర్ అని ప్రకటనల్లో ఊరించే కోర్ మాత్రం ఇది కాదు.

ట్రాన్స్‌ఫార్మర్‌లో తీగ చుట్టే ఇనుప దిమ్మను కరెంటు పనివాళ్లు కోర్ అంటారు. మాట అక్కడిదే. అమెరికాలోని ఎంఐటీలో జే ఫారెస్టర్ బృందం ఫెర్రైట్ అనే అయస్కాంత పదార్థంతో చేసిన బుల్లి ఉంగరాలను సన్నటి తీగలకు గుచ్చి వలలా అల్లింది. ఈ ఉంగరమే కోర్. ఒక్కో ఉంగరం ఒక్కో బిట్. అయస్కాంతత్వం ఒక దిక్కుకు తిరిగితే 1, ఎదురు దిక్కుకైతే 0. 1953లో వర్ల్‌విండ్ కంప్యూటర్‌కు ఈ మెమరీయే అమరింది. కరెంటు పోయినా దాచింది చెరగదు. తిరకాసల్లా చదవడంలోనే: చదివితే చెరిగిపోతుంది! ప్రతిసారీ వెంటనే మళ్లీ రాయాల్సిందే.

బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో 1960లో పనిలోకి దిగిన టిఫ్రాక్ కంప్యూటర్‌దీ ఈ కోర్ మెమరీయే. 40 బిట్ల ‘వర్డ్‌లు’ 2,048 పట్టేవి. బిట్‌కో ఉంగరం చొప్పున లెక్కేస్తే 81,920. పూసల దండ గుచ్చడంలో ఆరితేరిన చేతులకైనా ఓపిక పరీక్షే.

ప్రోగ్రామ్ చెడితే ఆ ఉంగరాల్లో ఉన్నదంతా కాగితం మీదికి అచ్చు తీసి తప్పు వెతికేవారు. అదే కోర్ డంప్. 1970ల్లో సిలికాన్ చిప్‌లు వచ్చి ఉంగరాలను మూలన పడేశాయి. లైనక్స్‌కు ఒరవడి అయిన యునిక్స్ మాత్రం కూలిన ప్రోగ్రామ్ మెమరీని దాచే ఫైలుకు ‘కోర్’ అనే పేరునే ఉంచుకుంది.