విమానం పొగకు చెట్లు జమ అవుతాయా?

కిలో విమాన ఇంధనం మండితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఇందులో వివాదం లేదు. ఎకానమీ సీటులో హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లివస్తే ఒక్కరి వాటా అటూఇటూగా 2 టన్నులు తేలుతుంది. సగటు భారతీయుడి ఏడాది లెక్క కూడా దాదాపు అంతే. ఆ 2 టన్నులకు బదులు ఎక్కడో అడవిని కాపాడతాం, గాలిమరలు నిలబెడతాం, కొంత సొమ్ము ఇవ్వండి అంటాయి కొన్ని విమాన సంస్థలు. చిక్కంతా ఆ ‘బదులు’ దగ్గరే ఉంది.

ఇలా తగ్గాయని చెప్పే ఉద్గారాలకు ఇచ్చే కార్బన్ క్రెడిట్ విలువ ఒక ఊహ మీద నిలబడింది: ఈ డబ్బే రాకపోతే ఏం జరిగేది? జరగనిదాన్ని కొలవలేం కాబట్టి పరిశోధకులు పోలికను ఆశ్రయిస్తారు. రాఫెల్ కలెల్, మరో ముగ్గురు ఆర్థికవేత్తలు ఇందుకు మన దేశపు పవన విద్యుత్ ప్రాజెక్టులనే తీసుకున్నారు. ఐక్యరాజ్య సమితి పథకం కింద క్రెడిట్లు పొందినవాటిని, ఏ సాయమూ లేకుండా కట్టినవాటి పక్కన పెట్టారు. సాయం లేని నాసిరకం ప్రాజెక్టే లేచినప్పుడు, అంతకన్నా లాభసాటిది సాయం లేకున్నా లేచేదే కదా! ఈ తర్కంతో చూస్తే, ఆమోదం పొందిన క్రెడిట్లలో కనీసం 52 శాతం ఎలాగూ కట్టేవాటికే వెళ్లాయని తేలింది. ‘కనీసం’ అన్న మాటను గమనించాలి. అసలు సంఖ్య ఇంకా ఎక్కువే కావచ్చు.

అడవుల సంగతి మరీ నిరాశాజనకం. థేల్స్ వెస్ట్ బృందం 6 దేశాల్లోని 26 అటవీ సంరక్షణ ప్రాజెక్టులను, వాటిని పోలిన ఇతర అడవులతో సరిచూసి 2023లో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు ప్రకటించింది. వాటిలో లెక్కకు సరిపడా సమాచారం ఉన్న ప్రాజెక్టుల నుంచి 2020 నాటికి వస్తాయనుకున్న 8.9 కోట్ల క్రెడిట్లలో నిజమైన తగ్గింపుతో ముడిపడినవి 54 లక్షలే, అంటే 6 శాతం. క్రెడిట్లను నమోదు చేసే వెరా సంస్థ ఈ పోలిక పద్ధతిని తప్పుపట్టింది. పోల్చే అడవిని మార్చితే అంకె మారుతుంది, నిజమే. అయినా 6 శాతాన్ని 100 దగ్గరకు చేర్చేంత తేడా వస్తుందని నమ్మడం కష్టం.

కాపాడిన అడవి రేపు తగలబడితే? అందుకని కాలిఫోర్నియా రాష్ట్ర కార్బన్ క్రెడిట్ల పథకంలో కొన్నింటిని బీమాలా పక్కన ఉంచుతారు. వందేళ్ల కార్చిచ్చుల కోసం ఉంచిన వాటాలో కనీసం 95 శాతం పదేళ్లు తిరగకుండానే హరించుకుపోయిందని 2022లో ఒక అధ్యయనం అంచనా కట్టింది. విమానం వదిలిన వాయువులో కొంత భాగం మాత్రం వేల ఏళ్లు గాలిలోనే ఉంటుంది. పైగా విమానం వెనక తెల్లటి చారలు కలిగించే వేడి చాలా లెక్కల్లోకే రాదు. దాని అంచనాల్లో ఇప్పటికీ అనిశ్చితి ఎక్కువ.

చెట్లు నాటడం వంటి చర్యలతో ప్రయాణం పర్యావరణహితమైపోతుందన్నట్టు చేసిన ప్రచారంలో డచ్ విమాన సంస్థ కేఎల్‌ఎం తప్పుదోవ పట్టించిందని 2024 మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్ న్యాయస్థానం తేల్చింది. తీర్పు ఒక సంస్థ ప్రకటనలకే పరిమితం. దాంతో క్రెడిట్లన్నీ బూటకమని అనలేం. మంచి ప్రాజెక్టులూ ఉన్నాయి. కాకపోతే టికెట్ కొనేవాడికి వాటిని ఏరుకునే దారి లేదు.

అంతర్జాతీయ విమానాల ఉద్గారాలకు సంస్థలే బదులు చూపాలనే ‘కోర్సియా’ పథకం 2027 నుంచి భారత్‌కూ వర్తించాల్సి ఉంది. 2019 ఉద్గారాల్లో 85 శాతానికి మించిన భాగానికే అందులో బదులు చూపాలి. హైదరాబాద్ నుంచి విశాఖకు ఎగిరే దేశీయ విమానం ఆ లెక్కలోకే రాదు.

ఉన్న ఆధారాలను బట్టి, ఆ సొమ్ము ఇవ్వదలచినవారు విరాళంగా ఇవ్వవచ్చు. తమ 2 టన్నులు చెల్లిపోయాయని మాత్రం అనుకోకూడదు.