కొసలో తెగే దారి

పనిమీద గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వచ్చి లాడ్జిలో దిగిన ఆడిటరో, ఇంజినీరో రాత్రి ఫైలు పంపబోతే నెట్టు కదలదు. ‘వెనకబడిన పాలమూరు కదా’ అని సరిపెట్టుకోవడం అలవాటైపోయింది. ఈ ఊళ్ల చరిత్ర చూస్తే ఆ మాట నిలవదు. ఇక్కడ పెద్ద దారులకు కొదవ లేదు. వాటి నుంచి బస దాకా ఉండే కొస దారిని ఎవరూ పట్టించుకోకపోవడమే పాత జబ్బు. వనపర్తి రోడ్ స్టేషన్ ఉన్నది మదనాపురం దగ్గర. రైలు దిగినవాళ్లు ఊళ్లోకి మళ్లీ బండి చూసుకోవాలి. గద్వాలకు రైలుంది, 2013లో రాయచూరు లైనూ కలిసింది. 44వ నంబరు జాతీయ రహదారి మాత్రం ఊరికి రాకుండా ఎర్రవల్లి చౌరస్తా మీదుగా కర్నూలుకు పోతుంది. నాగర్‌కర్నూల్‌కైతే నేటికీ బస్సే గతి.

కబురు సంగతీ అంతే. నిజాం రాజ్యం 1869లోనే సొంత తపాలా బిళ్లలు తెచ్చింది. ఆ తపాలా శాఖ 1950లో భారత తపాలాలో కలిసింది. ఆ తర్వాతి ట్రంక్‌కాల్ కాలంలో ఎక్స్ఛేంజి కలిపేదాకా కాచుకోవాల్సిందే. ఈ కొసను మొదట సరిచేసింది ఎస్టీడీ బూత్. 1984లో పుట్టిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ రూపొందించిన ఎక్స్ఛేంజీలు చిన్న ఊళ్లకు చేరాక, 08546తో గద్వాల, 08545తో వనపర్తి, 08540తో నాగర్‌కర్నూల్ నేరుగా పలికాయి. బూత్ నెగ్గింది యంత్రం వల్ల మాత్రమే కాదు. మీటరు కస్టమర్ కళ్లముందే తిరిగేది; లైను పనిచేస్తేనే యజమానికి కమీషన్. అందుకే లైను చెడితే బాగుచేయించే తొందర అతనికే ఎక్కువ.

లాడ్జి వైఫైకి లేనిది ఈ లెక్కే. పెద్ద దారి మాత్రం ఇక్కడా వచ్చింది. 2011లో కేంద్రం పంచాయతీలకు ఫైబర్ వేయడానికి ఆమోదం తెలిపింది. తెలంగాణలో మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ తీగ వేశారు. 2016 అక్టోబరు 11న ఈ మూడు ఊళ్లూ జిల్లా కేంద్రాలయ్యాయి. అధికారులు, తనిఖీకి వచ్చేవాళ్లు, కాంట్రాక్టర్ల రాకపోకలు పెరిగాయి. గద్వాల చీరల వ్యాపారికి కూడా ఫొటోలు వెంటనే పంపడం అవసరమే. ఇంత జరిగినా చాలా లాడ్జిల్లో ఒకే కనెక్షన్, కౌంటర్ దగ్గర ఒకే రూటర్. దానిమీద ఉన్న ఫోన్లన్నీ వంతులవారీగానే మాట్లాడాలి. మధ్యలో గోడలుంటే సిగ్నల్ సన్నగిల్లి ఒక్కొక్కరి వంతు ఇంకా సాగుతుంది. 2023 నుంచి బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 2 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్ ఉండాలి. కానీ ఆ నిర్వచనం చందాదారుడి దాకానే. చందాదారుడు లాడ్జి యజమాని; గదిలో ఉన్నవాళ్లు కాదు. పైగా ఆ కొలత డౌన్‌లోడ్‌ది, ఫైలు పంపేవాళ్లకు కావలసింది అప్‌లోడ్.

ఫోన్‌లో డేటా ఉండగా ఈ గొడవెందుకని అడగొచ్చు. వాట్సాప్‌కు అది చాలు. పెద్ద డ్రాయింగులు పంపడానికి, గంటసేపు వీడియో మీటింగ్‌కు లోపలి గదుల్లో టవర్ సిగ్నల్‌ను నమ్ముకోలేం. తక్కువ అద్దె లాడ్జి నుంచి ఇంతకన్నా ఏం ఆశిస్తామన్నది రెండో అభ్యంతరం. అందులో న్యాయం లేకపోలేదు. అయితే చాలాచోట్ల కావలసింది ఖరీదైన ప్లాన్ కాదు, అంతస్తుకో తీగ, ఆ చివర ఇంకో చిన్న పెట్టె. అసలు లోపం డబ్బులో కన్నా ‘ఉచితం’ అన్న మాటలో ఉంది. ఉచితం కాబట్టి యజమాని కొలవడు, కస్టమర్ నిలదీయడు. వైఫైకి విడిగా వసూలు చేయమనడం లేదు. ఏసీ ఉందో లేదో, వేడినీళ్లు ఏ వేళకు వస్తాయో చెప్పినట్టే, గదిలో అందే డౌన్‌లోడ్, అప్‌లోడ్ వేగాలను కూడా రేట్ల బోర్డు మీద రాయమనడం అత్యాశ కాదు. రాసిన వేగం రాకపోతే అడిగే హక్కు కస్టమర్‌కు వస్తుంది. ఎక్కువ వేగం ఇచ్చే లాడ్జికి గిరాకీ వస్తుంది. అప్పుడు రూటర్ చెడితే ఎస్టీడీ బూత్ యజమానికి ఉన్న తొందరే లాడ్జి యజమానికీ ఉంటుంది.