నీరుచల్ల

నీరు, చల్ల. రెండూ అచ్చ తెలుగు మాటలే. వెన్న తీసిన చల్లలో నీళ్లు బాగా కలిపి పలచన చేస్తే నీరుచల్ల.

శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’ మొదటి ఆశ్వాసంలో ఈ మాటను ఎంత చక్కగా వాడారో! శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడనే భక్తుడు తన ఇంటికి వచ్చిన వైష్ణవులకు ఋతువుకు తగ్గ భోజనం పెడతాడు. వేసవి పద్యంలో నులివెచ్చని అన్నం, పలచని అంబలి, చెరకురసం, లేత కొబ్బరినీళ్లు, పండ్లు, ఊరగాయలు ఉన్నాయి. వాటి మధ్యనే నీరుచల్ల. ఎండ ఎంత తీవ్రంగా ఉందో కవి ఇక్కడ చెప్పడు. విస్తరిలోకి వచ్చినవాటిలో సగం ద్రవాలే కావడంతో దాహం మనకే తెలుస్తుంది. నాకు ఇంకా నచ్చింది చప్పుడు. పద్యానికి ప్రాస లకారం. అది పాదాల మొదట్లోనే ఆగక అంబలిలో, ఫలంలో, జలంలో, చల్లలో మళ్లీ మళ్లీ పలుకుతుంది. నాలుక ఎక్కడా తడబడదు. చల్లకు బదులు సంస్కృతపు ‘తక్రం’ అని ఉంటే ఆ జారుడు తెగిపోయేది. ప్రౌఢ సంస్కృత సమాసాలు అలవోకగా అల్లే రాయలు ఇక్కడ వంటింటి మాటనే కోరుకోవడం గొప్ప విచక్షణ.

చల్లమిరపకాయల్లో, ‘చల్లకొచ్చి ముంత దాచడం’ అనే సామెతలో చల్ల నేటికీ ఉంది. తెలంగాణ పల్లెల్లో ‘సల్ల’ రోజువారీ మాటే. మిగతా చాలాచోట్ల మజ్జిగ దాన్ని పక్కకు నెట్టింది. ఈ వేసవిలో మీ ఇంటికి వచ్చినవారిని ‘నీరుచల్ల తాగుతారా?’ అని అడగండి.