సంతలో కొలత ఎవరిది?

వానలు వెనకపట్టి, కొండపోడులో కొర్రలు, సామలు కోతకొచ్చే రోజుల్లో మన సంతలకు కళ వస్తుంది. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో సీతంపేట సోమవారం సంతకు వెళ్లి చూడండి. సవర, జాతాపు గూడల నుంచి సీతాఫలం కావిళ్లు దిగుతుంటాయి. చాలాసార్లు అవి సంత దాకా రావు. దారిలోనే బేరగాళ్లు ఆపి, కావిడిని కంటితో చూసి ధర కట్టేస్తారు. కాయ రెండు మూడు రోజుల్లో మెత్తబడిపోతుందని ఇద్దరికీ తెలుసు. తొందర మాత్రం మోసుకొచ్చినవాడిదే. అదే కాయ పట్నం చేరాక లెక్కపెట్టి అమ్ముతారు. కొండమీద లెక్కలేనిది కింద లెక్కకు ఎలా వచ్చింది? ఈ ప్రశ్నతోనే మేము మన సంతల చరిత్రలోకి వెళ్లాం.

ఒకప్పుడు మన్యం సంతకు మనం ముఖ్యంగా ఉప్పు కోసం, బట్ట కోసం దిగేవాళ్లం. ఉప్పు అడవిలో దొరకదు. కింది వ్యాపారికి మనమీద పట్టు దొరికింది అక్కడే. తరువాత అప్పు వచ్చింది. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా ఇంట్లో గింజ ఉండదు. మామిడి టెంకల అంబలితో రోజులు గడిపిన సంగతి మన అవ్వలు ఇప్పటికీ చెబుతారు. ఆ నెలల్లో షావుకారు దగ్గర తెచ్చిన గింజలకు పంటకాలంలో బదులు తీర్చాలి. ఇచ్చేటప్పుడు చిన్న కుంచం, తీసుకునేటప్పుడు పెద్ద కుంచం. కాబట్టి శరత్కాలపు సంతలో ధర ఆ రోజు పుట్టింది కాదు, ఆకలి నెలల్లోనే షావుకారు అరుగుమీద తేలిపోయింది. సంతలో జరిగేది దాన్ని వసూలు చేసుకోవడమే.

ప్రభుత్వాలకు ఇది తెలియక కాదు. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ వడ్డీ, భూబదలాయింపు చట్టం తెచ్చింది. ఏడాదికి నూటికి 24కు మించి వడ్డీ కుదరదు, చక్రవడ్డీ చెల్లదు అంది. అయితే గింజల అప్పుకు కాగితం ఉండదు. కాగితం లేని అప్పుమీద కోర్టులో వాదించేదెవరు? 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. అటవీ ఫలసాయం కొనడం, డి.ఆర్. డిపోలలో ఉప్పు, పప్పు, బియ్యం అమ్మడం దాని పని. షావుకారు పట్టు కొంత సడలిందన్నది నిజం. డిపో తలుపు మూసి ఉన్న రోజున మళ్లీ అతని అరుగే దిక్కయిందన్నదీ నిజమే.

శ్రీకాకుళం కొండల్లో గిరిజన సంఘం పుట్టింది ఈ వడ్డీల, వెట్టిల, తూకాల మధ్యనే. దాన్ని కట్టినవారిలో వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లు. ఈ వ్యాసం చదివే ఉపాధ్యాయులు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు నడిచి వెళ్తున్నవారిమీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. అది కూడా ఇలాంటి శరత్కాలమే.

సంత అంటే సరుకు ఒక్కటే కాదు. కబురు, పెళ్లిమాట, సంఘం మాట, అన్నీ అక్కడే నడుస్తాయి. అందుకే గోండు అన్నదమ్ములు ఇంద్రవెల్లిలో సంతరోజు చూసుకుని సభ తలపెట్టారు. 1981 ఏప్రిల్ 20, సోమవారం. నిషేధాజ్ఞలు పెట్టారన్న కబురు అందని గూడేలు ఎన్నో. పోలీసు కాల్పుల్లో చనిపోయినవారు ప్రభుత్వ లెక్కలో 13 మంది. జనం లెక్క అంతకంటే చాలా పెద్దది. లెక్క ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న అక్కడా అదే.

1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి కొన్ని అధికారాలు ఇవ్వమంది. చిన్నతరహా అటవీ ఫలసాయంపై యాజమాన్యం, వడ్డీవ్యాపారంపై అదుపు, గ్రామ సంతల నిర్వహణ, మూడూ అందులో ఉన్నాయి. మొదటి రెండింటి గురించి సభల్లో ఎంతో మాట్లాడతాం, మూడోదాన్ని ఎవరూ ఎత్తరు. మా ఉద్దేశంలో పట్టుకోవలసింది దాన్నే. సంత ఆశీలు వేలం ఎవరు పాడారు, ఎంతకు పాడారు, ఆకుకూర బుట్ట దించిన అవ్వ దగ్గర ఎంత తీసుకుంటున్నారు, కాటా ఎవరిది, దానిమీద ముద్ర ఏ సంవత్సరానిది? ఇవన్నీ గ్రామసభలో అడగదగినవే. పై తరగతుల పిల్లలు నాలుగు సోమవారాలు సంతకు వెళ్లి, ఒక్కో కావిడిలో ఎన్ని కాయలున్నాయో, దానికి ఎంత ఇచ్చారో నోటుపుస్తకంలో రాసి తెస్తే, ఆ సభకు కావలసిన మొదటి కాగితం తయారైనట్టే.