కృష్ణాపత్రిక దర్బారు

కృష్ణాపత్రిక దర్బారు: మచిలీపట్నంలోని కృష్ణాపత్రిక కార్యాలయంలో సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు (1879–1945) చుట్టూ సాయంకాలాల్లో కొలువుదీరిన సాహితీ గోష్ఠి. 1902లో మొదలైన పత్రికకు దివిసీమకు చెందిన కృష్ణారావు 1907 నుంచి తుదివరకు సంపాదకత్వం వహించారు.

స్వరూపం: ఇది నియమావళి, సభ్యత్వం ఉన్న సంఘం కాదు. రచయితలు, పాత్రికేయులు, కళాభిమానులు పని ముగిశాక కూడేవారు. రాజకీయాలు, కావ్యాలు, సంగీతం, నాటకాలు చర్చకు వచ్చేవి. చతురోక్తులు, వ్యంగ్యం ఆ కబుర్లకు ప్రాణం.

పత్రికపై ముద్ర: గంభీరమైన సంపాదకీయాలకు పేరొందిన పత్రికలోనే హాస్యానికీ చోటు దక్కింది. రావూరి వెంకట సత్యనారాయణరావు 'వడగళ్ళు' శీర్షికతో చురకలు వేశారు. కమలాకర కామేశ్వరరావు 'సినీఫాన్' పేరుతో చలనచిత్రాలను నిర్మొహమాటంగా సమీక్షించారు. తర్వాత దర్శకుడై 'నర్తనశాల' (1963) తీశారు.

ప్రాముఖ్యం: హాస్యం వృత్తి గౌరవాన్ని తగ్గించదని, తోటివారి మధ్య చనువును, నిర్భయమైన విమర్శను పెంచుతుందని ఈ దర్బారు నిరూపించింది. తెలుగు పత్రికారచన చరిత్రలో దీనికి విశిష్ట స్థానం ఉంది.